మధుమేహం, మతిమరుపు, ఒక రక్తపరీక్ష

2025 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అల్జైమర్స్ నిర్ధారణకు తోడ్పడే తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఫుజిరెబియో అనే సంస్థ తయారుచేసిన ఈ పరీక్ష పేరు లూమిపల్స్. ప్లాస్మాలో ఉండే రెండు ప్రొటీన్ల నిష్పత్తిని బట్టి మెదడులో అమిలాయిడ్ ముద్దలు పేరుకున్నాయో లేదో ఇది అంచనా వేస్తుంది. అంతకుముందు ఆ సంగతి తెలియాలంటే నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులోని ద్రవాన్ని తీయాలి, లేదా ఖరీదైన పెట్ స్కాన్ తీయించాలి. అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 499 రక్తనమూనాలను పరీక్షించారు. పాజిటివ్ వచ్చినవారిలో 91.7 శాతం మందికి అమిలాయిడ్ ఉన్నట్టు, నెగటివ్ వచ్చినవారిలో 97.3 శాతం మందికి లేనట్టు పాత పద్ధతులు కూడా ధ్రువీకరించాయి. 20 శాతం లోపు మందికి ఫలితం ఎటూ తేలలేదు. ఇది పెద్ద ముందడుగే. అయితే ఈ వార్త విన్న వెంటనే ఎక్కువ ఆశ పడేది, ఎక్కువ భయపడేది మధుమేహం ఉన్న కుటుంబాలే. పెద్దాయనకు ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది, ఈ మధ్య మందులు వేసుకున్నదీ లేనిదీ గుర్తుండటం లేదు, ఒక్క రక్తపరీక్షతో సంగతి తేలిపోతుందా అని వాళ్లు అడుగుతారు. తేలదు అన్నదే ఈ వ్యాసంలో నా వాదన. షుగరు ఉన్న మనిషి విషయంలో ఈ అంకెను ఆ మనిషి మూత్రపిండాలతో, నరాలతో, రక్తనాళాలతో, వాడుతున్న మాత్రలతో కలిపి చదవాలి. విడిగా చదివితే అది దారి తప్పించే ప్రమాదం మిగతావారికంటే వీరికే ఎక్కువ.

షుగరుకూ మతిమరుపుకూ సంబంధం ఉందన్న మాట కొత్తది కాదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఆరు వేల మందికి పైగా పెద్దవయసువారిని గమనించిన పరిశోధకులు, మధుమేహం ఉన్నవారికి డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపని 1999లోనే ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుందని, రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా విషయంలో రెండు రెట్లు దాటుతుందని తేలింది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను మూడు దశాబ్దాల పాటు వెంబడించిన వైట్‌హాల్ అధ్యయనం ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. 10,095 మంది సమాచారంతో 2021లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 70 ఏళ్లు వచ్చేసరికి పదేళ్లకు పైగా షుగరుతో గడిపినవారికి ముప్పు 2.12 రెట్లు. అయిదేళ్ల లోపు వచ్చినవారిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే షుగరు వచ్చిందా లేదా అన్నదానికంటే ఎంత చిన్న వయసులో వచ్చింది, ఎంతకాలంగా ఉంది అన్నదే అసలు ప్రశ్న. మనవాళ్లకు అది పాశ్చాత్యులకంటే ముందే వస్తుంది కనుక ఈ మాట మనకు మరింత గట్టిగా తగులుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్కగట్టింది. అదే ఏడాది వచ్చిన మరో జాతీయ అంచనా ప్రకారం అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. నలభైల్లో షుగరు మొదలైనవారు డెబ్భైల్లోకి వచ్చే కొద్దీ ఈ రెండో సంఖ్య పెరుగుతూనే పోతుంది.

ఇక మధుమేహం మెదడును ఏ దారిలో దెబ్బ తీస్తుంది? రక్తపరీక్ష విలువంతా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఒకప్పుడు కొందరు శాస్త్రవేత్తలు అల్జైమర్స్‌కు ‘మూడో రకం మధుమేహం’ అని పేరు పెట్టేశారు. ఆ ఊహకు ఆధారం లేకపోలేదు. మెదడు కణాలకు కూడా ఇన్సులిన్ అవసరం. ఇన్సులిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే అమిలాయిడ్‌ను కూడా విరగ్గొడుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే ఆ ఎంజైమ్ దానితోనే సరిపెట్టుకుంటుందని, అమిలాయిడ్ మిగిలిపోతుందని అనుకోవచ్చు. కానీ చనిపోయినవారి మెదళ్లను కోసి చూసినప్పుడు ఈ కథ నిలబడలేదు. అమెరికాలో మరణానంతరం మెదడును దానం చేయడానికి ఒప్పుకున్న క్రైస్తవ సన్యాసినులు, మతగురువులతో సాగిన అధ్యయనంలో 200కు పైగా మెదళ్లను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మధుమేహం ఉన్నవారి మెదడులో రక్తం అందక చచ్చిపోయిన చిన్నా పెద్దా మచ్చలు ఉండే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. అమిలాయిడ్ ముద్దలు గానీ, అల్జైమర్స్‌లో కనిపించే టౌ చిక్కులు గానీ వారిలో ఎక్కువగా లేవు. తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు కూడా ఇటే మొగ్గాయి. షుగరు దెబ్బ ప్రధానంగా పడేది సన్నని రక్తనాళాల మీద. కంటిలో, మూత్రపిండంలో జరిగేదే మెదడు లోపలి పొరల్లోనూ జరుగుతుంది. అందుకే షుగరు ఉన్నవారిలో తొలుత తగ్గేది చాలాసార్లు జ్ఞాపకశక్తి కాదు, ఆలోచనలో చురుకు. లెక్క చూడటం ఆలస్యమవుతుంది, రెండు పనులు ఒకేసారి చేయడం కష్టమవుతుంది, మందుల వేళలు తారుమారవుతాయి. అల్జైమర్స్ ఉన్నవారికీ షుగరు ఉండవచ్చు, ఒకే మెదడులో రెండు జబ్బులూ కలిసి ఉండటం పెద్దవయసులో మామూలే. కానీ షుగరు ఉండటం వల్ల అదనంగా వచ్చే నష్టంలో ఎక్కువ భాగం రక్తనాళాల దారిలోనే వస్తుంది.

రక్తంలో కొలిచే పదార్థాలు ముఖ్యంగా నాలుగు. అమిలాయిడ్ బీటా 42, 40 అనే రెండు రూపాల నిష్పత్తి ఒకటి. మెదడులో అమిలాయిడ్ ముద్దకట్టే కొద్దీ 42 రకం రక్తంలో తగ్గుతుంది. రెండోది టౌ ప్రొటీన్. నాడీకణాల లోపలి సన్నని గొట్టాలను నిలబెట్టే ఈ ప్రొటీన్‌కు అల్జైమర్స్‌లో అసాధారణంగా ఫాస్ఫేట్లు అతుక్కుంటాయి. అతుక్కున్న చోటును బట్టి పీ-టౌ 181, పీ-టౌ 217 అని పిలుస్తారు. వీటిలో 217 అన్నిటికంటే నమ్మదగినదిగా పేరు తెచ్చుకుంది. మూడోది న్యూరోఫిలమెంట్ లైట్. నాడీతంతువు దెబ్బతిన్నప్పుడల్లా అది బయటపడి రక్తంలోకి చేరుతుంది. నాలుగోది జీఎఫ్‌ఏపీ. నాడీకణాలను కాచుకుని ఉండే ఆస్ట్రోసైట్లు ఉద్రేకపడినప్పుడు ఇది పెరుగుతుంది. ఇవన్నీ రక్తంలో ఉండేది అత్యల్ప మోతాదులో, ఒక మిల్లీలీటరులో గ్రాములో లక్ష కోట్లవ వంతు ఆ ప్రాంతంలో. పదిహేనేళ్ల కిందట వీటిని కొలిచే సాధనమే లేదు. అమెరికా రసాయన శాస్త్రవేత్త డేవిడ్ వాల్ట్ బృందం 2010లో ఒక్కొక్క అణువును విడిగా పట్టి లెక్కించే పద్ధతిని ప్రకటించాక దారి తెరుచుకుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్, లుండ్ విశ్వవిద్యాలయాల్లో కాయ్ బ్లెన్నో, హెన్రిక్ జెటర్‌బర్గ్, ఆస్కార్ హాన్సన్ వంటివారు ఆ పనిముట్లతో ఈ రంగాన్ని నిర్మించారు. ఈ నాలుగింటిలో మొదటి రెండూ అల్జైమర్స్ అనే ఒక్క జబ్బు గుర్తులు. మిగిలిన రెండూ మెదడులో ఏదో నష్టం జరుగుతోందని చెబుతాయి గానీ ఎవరు చేశారో చెప్పవు.

షుగరు ఉన్నవారికి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. ఇరవై ఏళ్ల షుగరు, దానికి తోడు రక్తపోటు ఉన్న మనిషి మెదడులో సన్నని నాళాలు మూసుకుపోయి ఆలోచన మందగించిందనుకుందాం. పీ-టౌ 217 చేయిస్తే నెగటివ్ వస్తుంది. ఆ ఫలితం తప్పు కాదు, అడిగిన ప్రశ్నకు సరైన జవాబే. కానీ ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చిన కుటుంబం ఏమని అర్థం చేసుకుంటుంది? మెదడుకు ఏమీ కాలేదని, వయసు మీద పడటం వల్ల వచ్చిన మరుపేనని. పరీక్ష చెప్పింది అల్జైమర్స్ గుర్తులు లేవని మాత్రమే. చికిత్సకు ఎక్కువ అవకాశం ఉన్న కారణం, అంటే రక్తపోటూ కొలెస్టరాలూ పొగతాగుడూ నాళాలకు చేస్తున్న హాని, ఆ కాగితంలో కనిపించదు. నాళాల జబ్బును అంత నికరంగా పట్టిచ్చే రక్తపరీక్ష ఇంతవరకు ఆసుపత్రుల వాడుకలోకి రాలేదు. దాన్ని చూడాలంటే ఇప్పటికీ ఎంఆర్ఐ స్కానే దిక్కు.

రెండో చిక్కు మూత్రపిండాలది. దీని గురించి మన దగ్గర జరగవలసినంత చర్చ జరగడం లేదు. ఈ ప్రొటీన్లు రక్తంలోకి ఎంత వస్తున్నాయన్నది ఒక సంగతి, రక్తం నుంచి ఎంత బయటికి పోతున్నాయన్నది మరో సంగతి. తూము పూడిపోయిన చెరువులో వాన పెరగకపోయినా నీటిమట్టం పెరుగుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు తమ ప్రాంతంలోని మామూలు జనాభాను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారి రక్తంలో పీ-టౌ 181, పీ-టౌ 217 రెండూ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. న్యూరోఫిలమెంట్ మీద మూత్రపిండాల ప్రభావం ఇంకా స్పష్టంగా ఉంటుంది. మధుమేహం మూత్రపిండాలు చెడిపోవడానికి ప్రపంచమంతటా మొదటి కారణం. కాబట్టి ఈ పరీక్షకు ఎక్కువగా వెళ్లేవారిలోనే ఫలితం అనవసరంగా పైకి జరిగే అవకాశం ఎక్కువ. మధుమేహంతో సంబంధం లేకుండా మూత్రపిండాలు చెడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట కూడా ఈ జాగ్రత్తే వర్తిస్తుంది. మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ చూడకుండా అక్కడ పీ-టౌ ఫలితం చదవడం అన్యాయమే అవుతుంది. బరువు దీనికి ఎదురుదిశలో లాగుతుంది. స్థూలకాయం ఉన్నవారిలో రక్తం పరిమాణం ఎక్కువ కావడం వల్ల కాబోలు, ఈ పదార్థాల సాంద్రత తక్కువగా కనిపిస్తుంది. షుగరు ఉన్నవారిలో చాలామందికి బరువూ ఎక్కువే, మూత్రపిండాలూ కొంత దెబ్బతిని ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతున్నప్పుడు మధ్యలో తేలే అంకె మెదడు గురించి ఎంత, ఒంటి గురించి ఎంత చెబుతోందో విడదీయడం వైద్యుడికి కూడా తేలిక కాదు.

న్యూరోఫిలమెంట్‌కు ఇంకో సమస్య ఉంది. అది మెదడులోని నాడీతంతువుల నుంచే రాదు, కాళ్లలో చేతుల్లో ఉండే నరాల నుంచి కూడా వస్తుంది. షుగరు ముదిరినవారిలో అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, స్పర్శ తెలియకపోవడం ఎంత మామూలో తెలుగు ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. ఆ నరాలు దెబ్బతింటున్నప్పుడు రక్తంలో న్యూరోఫిలమెంట్ పెరుగుతుంది. పెరిగిన ఆ అంకెను చూసి మెదడు కుంచించుకుపోతోందని అనుకుంటే, పాదాల జబ్బును తలకు అంటగట్టినట్టవుతుంది.

మూత్రపిండాల చిక్కుకు ఒక బలమైన జవాబు ఉంది, దాన్ని దాటవేయడం సరికాదు. పీ-టౌను ఒక్కదాన్నే కొలవకుండా, ఫాస్ఫేట్ అతుక్కున్న టౌకూ అతుక్కోని టౌకూ మధ్య నిష్పత్తిని కొలిస్తే మూత్రపిండాల ప్రభావం చాలావరకు తొలగిపోతుందని స్వీడన్ పరిశోధకులు 2023లో చూపించారు. రెండు రూపాలూ మూత్రపిండాల వల్ల ఒకే తీరుగా పెరుగుతాయి కనుక భాగహారంలో ఆ పెరుగుదల కొట్టుకుపోతుంది. తర్కం చక్కనిది, ఫలితాలూ బాగున్నాయి. షుగరు ఉన్నవారికి పరీక్ష చేసేటప్పుడు వీలైన చోట ఇటువంటి నిష్పత్తినే కోరుకోవాలి. అయితే ఆ నిష్పత్తిని కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు ఖరీదైనవి, కొన్నిచోట్లే ఉంటాయి. మామూలు ప్రయోగశాలలు వాడే కిట్లలో చాలావరకు పీ-టౌ సాంద్రతనే చెబుతాయి. పైగా నిష్పత్తి ఎంత కచ్చితంగా ఉన్నా అది సరిదిద్దేది రెండో చిక్కునే. నాళాల జబ్బు కనిపించకపోవడం అనే మొదటి చిక్కు అలాగే ఉంటుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. నరాల వైద్యులు పెద్ద నగరాల్లోనే ఉన్న దేశంలో, మతిమరుపును పసిగట్టడం జిల్లా స్థాయిలో దాదాపు జరగని పనే. అలాంటిచోట కొంత తప్పులున్నా ఒక రక్తపరీక్ష ఉండటం మేలు కదా అని అడగవచ్చు. స్వీడన్‌లో 1,213 మందితో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదనకు బలమిస్తుంది. జ్ఞాపకశక్తి ఫిర్యాదుతో వచ్చినవారిలో అల్జైమర్స్‌ను సాధారణ వైద్యులు 61 శాతం సార్లు, నిపుణులు 73 శాతం సార్లు సరిగా గుర్తిస్తే, రక్తపరీక్ష 91 శాతం సార్లు సరిగా చెప్పింది. ఈ ఫలితాన్ని నేను తక్కువ చేయను. ఇబ్బంది మొదలైన మనిషికి, వైద్యుడు కారణం వెతుకుతున్నప్పుడు, ఈ పరీక్ష నిజంగా అక్కరకు వస్తుంది. కానీ ఆ అధ్యయనంలో ఉన్నది ఇప్పటికే మతిమరుపుతో ఆసుపత్రికి వచ్చినవారు, వారిలో దాదాపు సగం మందికి అల్జైమర్స్ మార్పులు ఉన్నాయి. అదే పరీక్షను ఏ ఇబ్బందీ లేని షుగరు రోగులందరికీ వార్షిక ప్యాకేజీలో కలిపితే లెక్క తలకిందులవుతుంది. ఉదాహరణకు అటువంటి 1,000 మందిలో 50 మందికి నిజంగా మార్పులు ఉన్నాయని, పరీక్ష ఇటు అటు 90 శాతం కచ్చితమైనదని అనుకుందాం. ఉన్న 50 మందిలో 45 మంది దొరుకుతారు. లేని 950 మందిలో 95 మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ కాగితం అందుకున్న 140 మందిలో మూడింట రెండు వంతుల మందికి ఆ జబ్బే ఉండదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎక్కువగా ఉంటే పొరపాటు ఇంకా పెరుగుతుంది. అల్జైమర్స్ అనే పేరు ఒక ఇంట్లో పడితే ఏమవుతుందో ఊహించండి. ఆస్తుల మీద సంతకాలు, పెళ్లి సంబంధాలు, ఉద్యోగంలో నమ్మకం, అన్నిటి మీదా ఆ నీడ పడుతుంది. అమెరికాలోని అల్జైమర్స్ అసోసియేషన్ 2025లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఈ పరీక్షలను మతిమరుపు లక్షణాలు ఉన్నవారికి, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలన్నాయి.

ముందే తెలిస్తే ముందే జాగ్రత్తపడవచ్చు కదా అన్నది ఇంకో అభ్యంతరం. వినడానికి సబబుగానే ఉంది. కానీ జాగ్రత్త అంటే ఏమిటో నిదానంగా అడగాలి. షుగరును గట్టిగా అదుపు చేస్తే మెదడు నిలబడుతుందా అని పరీక్షించిన అకార్డ్ మైండ్ ప్రయోగంలో 2,977 మంది పాల్గొన్నారు. మూడు నెలల సగటు షుగరును 6 శాతం లోపుకు దించిన బృందానికీ, 7 నుంచి 7.9 మధ్య ఉంచిన బృందానికీ 40 నెలల తర్వాత ఆలోచనాశక్తిలో తేడా కనిపించలేదు. మెదడు పరిమాణం కొద్దిగా మెరుగ్గా ఉన్నా, గట్టి అదుపు ఉన్న బృందంలో మరణాలు ఎక్కువ కావడంతో ఆ భాగాన్ని 2008లో ముందే ఆపేశారు. ముక్కు ద్వారా ఇన్సులిన్ ఇచ్చిన ప్రయోగం ఫలించలేదు. షుగరుకూ బరువుకూ వాడే సెమాగ్లుటైడ్‌ను తొలిదశ అల్జైమర్స్ ఉన్న 3,808 మందికి మాత్రల రూపంలో ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాల ఫలితం 2025 నవంబరులో వచ్చింది. దాన్ని మరీ జాగ్రత్తగా చదవాలి. బయోమార్కర్లు, అంటే కొలిచే జబ్బు గుర్తులు, మెరుగుపడ్డాయని తయారీ సంస్థే చెప్పింది, జబ్బు నడక మాత్రం నెమ్మదించలేదు. అంకె బాగుపడి మనిషి బాగుపడకపోవడం సాధ్యమేనని ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రయోగం చెప్పగలదు? దీని పక్కన చైనా గ్రామాల ప్రయోగాన్ని పెట్టి చూడండి. 326 గ్రామాల్లో, రక్తపోటు అదుపులో లేని 33,995 మందితో సాగిన ఆ అధ్యయనంలో, పల్లెటూరి వైద్యులే మామూలు బీపీ మాత్రలతో, క్రమం తప్పని పర్యవేక్షణతో నాలుగేళ్లు పనిచేశారు. వారి సంరక్షణలో ఉన్న గ్రామాల్లో డిమెన్షియా 15 శాతం తగ్గినట్టు 2025లో ప్రకటించారు. ఏ పీ-టౌ పరీక్షా లేకుండా, బీపీ యంత్రమూ చౌక మాత్రలూ సాధించిన ఫలితమిది. షుగరు ఉన్నవారి నాళాలకు రక్తపోటు చేసే హాని తెలిసిందే కనుక ఈ పాఠం వారికి ఎక్కువగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

అసలు షుగరు ఉన్నవారి మతిమరుపులో ముందు చేయించవలసిన రక్తపరీక్షలు ఎప్పటి నుంచో ఉన్నాయి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి పేగులు విటమిన్ బీ12ను సరిగా పీల్చుకోవు. మాంసం, గుడ్లు ముట్టనివారిలో అసలే తక్కువగా ఉండే బీ12 ఇంకా పడిపోతుంది. బీ12 లోపం మతిమరుపునూ తెస్తుంది, కాళ్ల తిమ్మిర్లనూ తెస్తుంది. చూసినవారు రెండింటినీ షుగరు ఖాతాలోనో వయసు ఖాతాలోనో వేసేస్తారు. ఇంజక్షన్లతోనో మాత్రలతోనో తగ్గగలిగిన ఇబ్బంది అలా ముదిరిపోతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవారికి అప్పుడప్పుడు బీ12 చూడాలని అమెరికా మధుమేహ సంఘం ఎప్పుడో సూచించింది. థైరాయిడ్ తగ్గినా మందకొడితనం వస్తుంది. సోడియం పడిపోయినా తికమక వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది షుగరు పడిపోవడం. కాలిఫోర్నియాలో 16,667 మంది రోగుల రికార్డులను చూసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రికి వెళ్లవలసినంతగా ఒకసారి షుగరు పడిపోయినవారికి డిమెన్షియా ముప్పు 26 శాతం ఎక్కువ, మూడు అంతకంటే ఎక్కువసార్లు పడిపోయినవారికి దాదాపు రెట్టింపు. మతిమరుపు వల్లే మందులు తారుమారై షుగరు పడిపోయి ఉండవచ్చన్న అనుమానం ఇక్కడ ఉండనే ఉంది. కారణం ఎటువైపు నడిచినా చేయవలసింది ఒకటే. మరుపు మొదలైన పెద్దవారికి షుగరును ఎక్కువగా పడదోసే గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలను, చిక్కుముడి లాంటి ఇన్సులిన్ వేళలను సరళం చేయాలి. అలాంటివారికి మూడు నెలల సగటు 8 శాతం లోపు ఉంటే చాలని అమెరికా మధుమేహ సంఘమే అంటోంది. ఈ నిర్ణయానికి కావలసింది ఆ మనిషి మాత్రలు తానే సరిగా వేసుకోగలుగుతున్నాడా అన్న సమాచారం. దాన్ని పది నిమిషాల జ్ఞాపకశక్తి పరీక్ష, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు చెబుతాయి. 65 దాటిన షుగరు రోగులందరికీ ఏటా ఆ పరీక్ష చేయాలన్న సూచన కూడా ఉంది. మన షుగరు క్లినిక్‌లలో అది జరగడం అరుదు.

ఇంత చెప్పాక ఈ రక్తపరీక్షల మీద పరిశోధన మనకు అక్కర్లేదని అనుకుంటే పొరపాటు. ఎక్కువగా కావలసింది మనకే. ఇప్పటి కొలమానాలు చాలావరకు స్వీడన్, అమెరికా వంటి దేశాల్లోని తెల్లజాతి పెద్దవారి రక్తం మీద నిర్ణయించినవి. అంత చిన్న వయసులో షుగరు వచ్చి, అంతమంది బీ12 లోపంతో, మూత్రపిండ వ్యాధితో బతికే జనాభాలో ఏ అంకె దగ్గర గీత గీయాలో ఇక్కడి రక్తమే చెప్పాలి. అందుకు పునాది కొంత పడింది. తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి, 45 దాటిన 10,000 మందిని లక్ష్యంగా పెట్టుకుని, ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం నడుపుతోంది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు సహా అయిదు భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షలను తయారు చేయించింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని, చదువురానివారిలోనూ ఈ తేడా ఉందని 2013లో చూపింది. మెదడులో ఒకే మోతాదు జబ్బు ఉన్నా ఇద్దరు మనుషులు ఒకేలా ప్రవర్తించరన్న సంగతికి అది మన నేల మీది సాక్ష్యం. రక్తంలోని అంకెకూ మనిషి బతుకుకూ మధ్య దూరం ఎంతో కొలవాలంటే ఇలాంటి పనే ఇంకా జరగాలి, దానికి షుగరు, క్రియాటినిన్, బీ12 వివరాలు జతచేయాలి. కొత్త మందుల ప్రయోగాల్లో ఎవరిని చేర్చుకోవాలి, మందు లోపల ఏం చేస్తోంది అని తెలుసుకోవడానికి ఈ మార్కర్లు ఇప్పటికే ఎంతో పనికి వస్తున్నాయి. నా అభ్యంతరమల్లా వాటిని ఇబ్బంది లేనివారికి ఆరోగ్య ప్యాకేజీగా అమ్మడం మీదే.

మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారికి మరుపు మొదలైందనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని, రోజూ వారిని దగ్గరుండి చూసుకునే మనిషిని వెంట తీసుకువెళ్లండి. ఈ మధ్య షుగరు ఎప్పుడైనా పడిపోయిందా, రాత్రిళ్లు చెమటలు పట్టాయా అన్నది అడగకపోయినా చెప్పండి. బీపీ, క్రియాటినిన్, బీ12, థైరాయిడ్ చూడమని అడగండి. అవన్నీ చూశాక కూడా కారణం తేలక, వైద్యుడే పీ-టౌ పరీక్ష రాస్తే తప్పక చేయించండి. ఫలితం చదివేటప్పుడు మాత్రం క్రియాటినిన్ కాగితం కూడా ఆ బల్ల మీద ఉండేలా చూసుకోండి.